కారు సైలెన్సర్ మోత పెరిగిందా? పొల్యూషన్ సర్టిఫికెట్ ఉందని ధీమాగా ఉండకండి

నిన్నమొన్నటి దాకా ఉందో లేదో తెలియనంత మెత్తగా నడిచిన కారు, ఇప్పుడు స్టార్ట్ చేయగానే ట్రాక్టర్‌లా మోగుతోందా? సెల్లార్‌లోంచి బయటికి తీస్తుంటే వాచ్‌మన్ తల తిప్పి చూస్తున్నాడా? ఈ దశలో చాలామంది చేసేది ఒకటే. అద్దాలు ఎక్కించి, ఏసీ వేసి, పాటల సౌండ్ ఇంకాస్త పెంచుతారు. వచ్చే సర్వీసులో చూపిద్దాంలే అనుకుంటారు.

మోత వరకే అయితే ఆగొచ్చు. కానీ శబ్దం బయటికి వస్తున్న చోటి నుంచే పొగ కూడా వస్తోంది. పొగ గొట్టాన్ని కారు వెనక చివరిదాకా లాక్కెళ్లి వదిలింది అందం కోసం కాదు, ఆ వాయువులు మీరు కూర్చున్న చోటికి రాకూడదని. మధ్యలో ఎక్కడ చిల్లు పడినా అది మీ సీటు కిందో, ఇంజన్ పక్కనో, అంటే ఏసీకి గాలి పీల్చుకునే చోటికి దగ్గరలోనో ఉంటుంది. ఏసీ వేసి అద్దాలు ఎక్కించడం సరిగ్గా అప్పుడే ప్రమాదం.

అసలేం జరుగుతుంది?

ఇంజన్‌లో పెట్రోలు, డీజిలు, సీఎన్‌జీ ఏది మండినా వచ్చే వాయువుల్లో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దీనికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా బలంగా అతుక్కుంటుంది. ఒకసారి అతుక్కుంటే ఆక్సిజన్‌కు చోటుండదు. ఊపిరి ఆడుతున్నట్టే ఉంటుంది, ఒంటికి మాత్రం ప్రాణవాయువు అందదు. మొదట తలనొప్పి, తల తిరగడం, వాంతి వచ్చినట్టుండటం. తర్వాత మగత, అయోమయం. ఆ మగతలోకి జారాక అద్దం దించాలన్న ఆలోచన కూడా రాదు.

కొత్త కార్లలో ఈ వాయువును చాలావరకు కార్బన్ డయాక్సైడ్‌గా మార్చేసే భాగం ఉంటుంది. అదే క్యాటలిటిక్ కన్వర్టర్. అందుకే లీకేజీ ఎక్కడ అన్నది ముఖ్యం. కన్వర్టర్ దాటాక, వెనక డబ్బాకు చిల్లు పడితే మోత ఎక్కువ, విషం తక్కువ. కన్వర్టర్‌కు ముందు, ఇంజన్‌కు ఆనుకుని ఉండే మ్యానిఫోల్డ్ దగ్గర లీకైతే మోత తక్కువ, విషం ఎక్కువ. చిన్న చప్పుడే కదా అని వదిలేసే రకమే ఎక్కువ ప్రమాదకరమైనది. ఇంజన్ అప్పుడే స్టార్టయి కన్వర్టర్ ఇంకా వేడెక్కని మొదటి నిమిషాల్లో అయితే వెనక నుంచి వచ్చే పొగలోనూ విషం ఎక్కువే ఉంటుంది.

2024 డిసెంబర్‌లో కేరళలోని వడకరలో రోడ్డు పక్కన ఆపిన క్యారవాన్‌లో ఇద్దరు చనిపోయి కనిపించిన సంగతి చదివే ఉంటారు. అక్కడ కారణం ఇంజన్ కాదు, ఏసీ నడవడానికి పెట్టిన జనరేటర్. దాని నుంచి వచ్చిన కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరిందని పరిశీలనలో తేలింది. వాహనం ఏదైనా సూత్రం అదే. ఇంధనం మండుతోంది, తలుపులు మూసి ఉన్నాయి, పొగకు లోపలికి ఒక దారి దొరికింది.

కారులో ఉన్నవాళ్లలో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి మొదలై, కిందికి దిగి కాసేపు నిలబడగానే తగ్గిపోతే అది ఎండ దెబ్బ అనుకోకండి. బండి ఆపి, ఇంజన్ కట్టేసి, తలుపులన్నీ తీసి, అందరినీ బయటి గాలిలోకి తీసుకెళ్లండి. ఎవరైనా మగతగా ఉన్నా, మాట తడబడుతున్నా 108కి ఫోన్ చేయండి. ఆస్పత్రిలో 'కారు పొగ పీల్చి ఉండొచ్చు' అని తప్పక చెప్పండి. కొవిడ్ రోజుల్లో కొన్న పల్స్ ఆక్సీమీటర్ ఇంట్లో ఉందా? దాన్ని వేలికి పెట్టి 98 చూపించిందని ఊరుకోవద్దు. మామూలు ఆక్సీమీటర్ కార్బన్ మోనాక్సైడ్ అతుక్కున్న హిమోగ్లోబిన్‌ను కూడా ఆక్సిజన్ ఉన్నట్టే చదువుతుంది.

చప్పుడును బట్టి చిల్లు ఎక్కడో తెలుస్తుందా?

చాలావరకు తెలుస్తుంది. మెకానిక్ దగ్గరికి వెళ్లేముందు ఈ కాస్త తెలిసుంటే 'మొత్తం సైలెన్సర్ మార్చాలి సార్' అనే మాటకు వెంటనే తలూపాల్సిన పని ఉండదు.

ఉదయం మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు బానెట్ వైపు నుంచి టిక్ టిక్ టిక్ మని వినిపించి, ఇంజన్ వేడెక్కాక తగ్గిపోతోందంటే మ్యానిఫోల్డ్ గ్యాస్కెట్ పోయిందనో, మ్యానిఫోల్డ్‌లో పగులు వచ్చిందనో అనుమానించాలి. వేడికి లోహం వ్యాకోచించి సందు మూసుకుంటుంది, అందుకే చప్పుడు తగ్గుతుంది. అంతేకానీ బాగైపోయిందని కాదు. ఇదే టిక్ టిక్ ట్యాపెట్ల నుంచీ ఇంజెక్టర్ల నుంచీ కూడా రావచ్చు కాబట్టి, విన్న వెంటనే గ్యాస్కెట్ అని తీర్మానించేయకండి. మెకానిక్‌తో చూపించుకోవాల్సిన చప్పుడు ఇది.

ఆక్సిలరేటర్ తొక్కినప్పుడు వెనక నుంచి లోతుగా, బరువుగా గర్జన పెరిగితే వెనక డబ్బా, అంటే మఫ్లర్, తుప్పు పట్టి చిల్లు పడినట్టు. ముందు సీట్ల కింద బుస్సుమంటుంటే పైపుల జాయింటు దగ్గరో, ఇంజన్ కదలికలను తట్టుకోవడానికి పెట్టే వలలాంటి మెత్తని పైపు దగ్గరో చూడమనాలి. మెకానిక్‌లు దీన్ని ఫ్లెక్సీ పైపు అంటారు. ఎత్తయిన స్పీడ్ బ్రేకర్లకు, గుంతలకు ముందు దెబ్బతినే భాగాల్లో ఇదొకటి.

గలగలమనే రేకు చప్పుడు వస్తే భయపడక్కర్లేదు. ఒక స్పీడు దగ్గర మాత్రమే వచ్చి పోతుంటే చాలాసార్లు అది హీట్ షీల్డ్, అంటే పైపు వేడి పైకి తగలకుండా బిగించే పల్చటి రేకు. బోల్టు ఊడి ఉంటుంది. పెద్ద క్లాంపు వేసి బిగిస్తే నిమిషాల్లో అయిపోయే పని. గుంతల్లో దిగినప్పుడు మాత్రమే కింద ధన్ మని తగులుతుంటే సైలెన్సర్‌ను పట్టి వేలాడదీసే రబ్బర్లు తెగి ఉంటాయి. ఇది చవకే అయినా వాయిదా వేయొద్దు. ఒక రబ్బరు తెగితే బరువంతా పక్క జాయింటు మీద పడి, అక్కడ పగులుతుంది.

కన్వర్టర్ లోపలి నుంచి గులకరాళ్లు కదిలినట్టు చప్పుడు, దానికితోడు బండి పికప్ పడిపోవడం మాత్రం ఖరీదైన కబురు. లోపలి పింగాణీ గూడు విరిగి ముక్కలై దారికి అడ్డం పడుతోందని అర్థం.

మైలేజీ సంగతీ చెప్పుకోవాలి. ఆక్సిజన్ సెన్సర్‌కు ముందు లీకేజీ ఉంటే బయటి గాలి లోపలికి పోతుంది. సెన్సర్ దాన్ని చూసి ఇంధనం తక్కువైందని పొరబడుతుంది, కంప్యూటర్ మరింత పెట్రోలు పోయిస్తుంది. చెక్ ఇంజన్ లైటు వెలిగి, పెట్రోలు ఖర్చు పెరిగి, కారణం తెలియక ఇంజెక్టర్లు శుభ్రం చేయించి, స్పార్క్ ప్లగ్గులు మార్పించి, చివరికి ఒక గ్యాస్కెట్ దగ్గర తేలిన కథలు ఏ మెకానిక్‌ను అడిగినా చెబుతాడు.

ఇంటి దగ్గరే ఎలా చూసుకోవాలి?

ముందు చేయకూడనివి. జాకీ మీద నిలబెట్టిన కారు కిందికి దూరవద్దు, ఎంత తొందరైనా సరే. సెల్లార్‌లో, షట్టర్ మూసిన గ్యారేజీలో ఇంజన్ ఆన్ చేసి పరీక్షలు చేయొద్దు. నడిపి వచ్చిన వెంటనే పైపును ముట్టుకోవద్దు. కన్వర్టర్ వేడి కొన్ని వందల డిగ్రీలుంటుంది. ఎండిన గడ్డి మీద కారు ఆపొద్దని చెప్పేది ఇందుకే. పంటల కాలంలో ఊళ్లకు వెళ్లినప్పుడు రోడ్డు మీద ఆరబోసిన గడ్డి, కంది కట్టె మీదుగా వెళ్లాల్సి వస్తే ఆ తర్వాత ఒకసారి ఆగి, కింద ఏమైనా చుట్టుకుందేమో చూడటం మంచిది.

ఇక చేయాల్సింది. రాత్రంతా ఆగి ఉన్న కారును ఉదయం ఆరుబయట పెట్టి, బానెట్ తీసి, స్టార్ట్ చేయండి. మందపాటి గ్లవుజు వేసుకుని, మడత పెట్టిన పాత గుడ్డను వెనక పైపు మూతికి కొన్ని సెకన్లు ఒత్తి పట్టమని ఇంకొకరికి చెప్పండి. పైపు చల్లగా ఉన్నప్పుడు మాత్రమే. ఎక్కడా లీకు లేకపోతే ఒత్తిడి పెరిగి గుడ్డను నెట్టేస్తుంది, ఇంజన్ తడబడుతుంది. లీకుంటే ఆ సందులోంచి బుస్ మని స్పష్టంగా వినిపిస్తుంది. ఇంజన్ ఆపాక టార్చి వేసి చూస్తే జాయింట్ల దగ్గర నల్లటి మసి చారలు కనిపిస్తాయి. మసి ఎక్కడుంటే చిల్లు అక్కడే.

వెనక పైపు నుంచి ఉదయం పూట నీటి చుక్కలు పడటం చూసి కంగారు పడుతుంటారు. ఒక లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు నీరు ఆవిరిగా వస్తుంది. చల్లని పైపులో అది నీరుగా మారుతుంది. తప్పేమీ లేదు. అయితే రోజూ రెండు కిలోమీటర్లు పోయి ఆపేసే కారులో ఆ నీరు ఆవిరైపోయేంత వేడి ఎప్పటికీ రాదు. డబ్బా లోపలి నుంచే తుప్పు పడుతుంది. పిల్లల్ని బడిలో దింపి రావడానికే వాడే కార్ల సైలెన్సర్లు హైవే మీద తిరిగే కార్ల కంటే ముందు పాడవడానికి ఇదే కారణం. విశాఖ, కాకినాడ లాంటి చోట్ల ఉప్పుగాలి దీనికి తోడవుతుంది. వరద నీటిలో మునిగి తేలిన కార్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో నీళ్లలో నిలిచిన కారు మీదైతే, లేదా అలాంటి కారు సెకండ్ హ్యాండ్‌లో కొంటుంటే, కిందిభాగం ఎత్తించి చూడటం తప్పనిసరి.

ఇంకొకటి. చాలా మఫ్లర్లకు ఆ నీరు పోవడానికి కంపెనీయే అడుగున చిన్న రంధ్రం పెడుతుంది. అది చూసి 'చిల్లు పడింది, వెల్డింగ్ వేద్దాం' అనేవాళ్లున్నారు. గుండ్రంగా, అంచులు శుభ్రంగా ఉన్న సన్నని రంధ్రమైతే దాన్ని అలాగే వదిలేయమనండి.

పొల్యూషన్ సర్టిఫికెట్ ఉంది కదా, చాలదా?

చాలదు. పెట్రోలు బంకు పక్కన వ్యాన్‌లో చేసే ఆ పరీక్షలో శబ్దాన్ని కొలవరు. కారు లోపలికి పొగ వస్తోందా అన్నది అసలు చూడరు. వెనక పైపులో గొట్టం పెట్టి, అక్కడికి వచ్చిన వాయువును మాత్రమే కొలుస్తారు. బీఎస్ 4, ఆ తర్వాతి పెట్రోలు కార్లకు ఇంజన్ ఐడిల్‌లో కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం, హైడ్రోకార్బన్లు 200 పీపీఎం దాటకూడదు. డీజిల్ కార్లకు పొగ చిక్కదనం చూస్తారు. మధ్యలో చిల్లుంటే కొంత వాయువు అక్కడే పోతుంది, బయటి గాలి కలిసి మిగిలినదీ పలచనవుతుంది. ఇంజన్ వేగం పెంచి చేసే రెండో దశ పరీక్షలో గాలి, ఇంధనాల నిష్పత్తి చూస్తారు కాబట్టి అక్కడ లీకు బయటపడే అవకాశం ఉంది, ఆ దశ సరిగ్గా చేస్తే. గొట్టం సగం పెట్టి, నంబర్ ప్లేటు ఫొటో తీసి, కాగితం చేతిలో పెట్టే చోట అదేమీ ఉండదు.

కాబట్టి సర్టిఫికెట్‌ను చలాన్ నుంచి కాపాడే కాగితంగా చూడండి, కారు ఆరోగ్య నివేదికగా కాదు. అయినా అది ఉండి తీరాలి. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి ఏడాది దాటిన ప్రతి వాహనానికీ తప్పనిసరి. బీఎస్ 4, బీఎస్ 6 వాహనాలకు 12 నెలలు, అంతకు ముందు వాటికి 6 నెలలు చెల్లుతుంది. సైలెన్సర్ పని చేయించాలనుకుంటే అది పూర్తయ్యాకే పరీక్షకు వెళ్లడం మేలు.

చలాన్ పడుతుందా?

పడుతుంది. రెండు వేర్వేరు సెక్షన్లున్నాయి, రెండింటినీ కలిపేసి చూడొద్దు.

కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లోని 120వ నిబంధన ప్రకారం ఇంజన్ పొగ శబ్దాన్ని వీలైనంత తగ్గించే సైలెన్సర్ ప్రతి వాహనానికీ ఉండాలి. శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలను మీరే వాహనాన్ని నడిపితే మోటారు వాహనాల చట్టంలోని సెక్షన్ 190(2) వర్తిస్తుంది. 2019 సవరణ తర్వాత మొదటి తప్పుకు మూడు నెలల దాకా జైలు, లేదా రూ.10,000 దాకా జరిమానా, లేదా రెండూ. డ్రైవింగ్ లైసెన్సుపై మూడు నెలల అనర్హత కూడా ఉంది. తుప్పు పట్టి చిల్లు పడిన సైలెన్సరైనా, కావాలని పెట్టించుకున్న మోత సైలెన్సరైనా ఇదే సెక్షన్. 'నేను పెట్టించలేదు, పాడైపోయింది' అన్నది రోడ్డు మీద పెద్దగా పనిచేసే వాదన కాదు.

రెండోది మార్పులకు సంబంధించినది. కంపెనీ ఇచ్చిన సైలెన్సర్ తీసేసి ఫ్రీ ఫ్లో రకం బిగించడం, కన్వర్టర్ తీసేసి ఖాళీ పైపు వేయించడం, డీజిల్ కార్లలో మసి పట్టే ఫిల్టర్‌ను తొలగించడం లాంటివి. నిబంధనలు అనుమతించని మార్పు చేయించిన యజమానికి సెక్షన్ 182ఎ(4) కింద ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా, లేదా రెండూ. పలు నగరాల్లో పోలీసులు ఇలాంటి సైలెన్సర్లను ఊడదీయించి రోడ్డు రోలర్‌తో తొక్కించిన వీడియోలు మీ ఫోన్‌కూ వచ్చే ఉంటాయి. అవి ఎక్కువగా బైకులవి. కార్లకు మినహాయింపు ఉందని మాత్రం కాదు.

పైన చెప్పినవి చట్టంలోని గరిష్ఠ పరిమితులు. రోడ్డు మీద అప్పటికప్పుడు కట్టించుకునే మొత్తాన్ని రాష్ట్ర ప్రభుత్వాలు నిర్ణయిస్తాయి. అందువల్ల తెలంగాణలో, ఆంధ్రప్రదేశ్‌లో అంకె ఒకటే ఉండాలని లేదు. చలాన్‌లో ఏ సెక్షన్ రాశారో చదవండి. చేయించని మార్పుకు చలాన్ వేశారనిపిస్తే మరమ్మతు బిల్లు, కారు కిందిభాగం ఫొటోలు దగ్గర పెట్టుకుని ఈ-చలాన్ పోర్టల్‌లో అభ్యంతరం తెలపండి.

డెసిబెల్స్ గురించి చిన్న మాట. తొమ్మిది సీట్ల లోపు కార్లకు 74 డెసిబెల్స్ అని పరిమితి ఉందని అందరూ రాస్తారు. నిజమే. కానీ అది కొత్త మోడల్‌ను నిర్ణీత మైదానంలో, నిర్ణీత దూరంలో మైకులు పెట్టి నడిపి కొలిచే తయారీ దశ ప్రమాణం. ఫోన్‌లో సౌండ్ మీటర్ యాప్ పెట్టుకుని పొగ గొట్టం పక్కన పట్టుకుంటే వచ్చే అంకెకూ దీనికీ పోలిక లేదు. ఆ అంకెతో పోలీసులతో వాదనకు దిగొద్దు.

ఎక్కడ బాగు చేయించాలి? ఎంతవుతుంది?

కారు ఇంకా వారంటీలో ఉంటే సర్వీస్ సెంటర్‌కే వెళ్లండి. వారంటీ పుస్తకంలో ఎమిషన్ వారంటీ అని విడిగా పేజీ ఉందేమో చూడండి. క్యాటలిటిక్ కన్వర్టర్ అందులోకి వచ్చే అవకాశం ఉంది. మామూలు వారంటీ అయిపోయిందని కౌంటర్ దగ్గర చెప్పగానే వెనుదిరగకండి, ఆ పేజీ చూపించి అడగండి.

వారంటీ దాటితే చాలామంది చూపు సైలెన్సర్ షాపుల వైపే. విజయవాడ, విశాఖ ఆటోనగర్‌లలో, సికింద్రాబాద్ రాణిగంజ్ చుట్టుపక్కల ఈ పనుల్లో చేయి తిరిగినవాళ్లున్నారు. పైపుల జాయింటు దగ్గర, మఫ్లర్ అంచులో చిన్న పగులైతే వెల్డింగ్‌తో సరిపోతుంది, మరికొన్నేళ్లు నడుస్తుంది. రేకంతా తుప్పు తిని, వేలితో నొక్కితే లోపలికి పోతుంటే వెల్డింగ్ దండగ. ఒకచోట అతికితే ఇంకోచోట ఊడుతుంది. మ్యానిఫోల్డ్ పగులుకు అతుకులు వేయించడం కంటే మార్చడమే మంచిదని ఎక్కువమంది మెకానిక్‌లు చెబుతారు. పోతపోసిన ఇనుము, వేడికి మళ్లీ పగులుతుంది.

వెల్డింగ్ మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగెటివ్ తీగ తీయమనండి. ఇప్పటి కార్ల నిండా కంప్యూటర్లే, వెల్డింగ్ కరెంటు వాటిలోకి పోతే సైలెన్సర్ కంటే పది రెట్లు వదులుతుంది. పెట్రోలు ట్యాంకు పక్కనే అయితే భాగాన్ని విప్పి బయట పెట్టి చేయమనండి. ఎమ్‌సీల్ లాంటి ముద్ద పెట్టి పంపేస్తానంటే ఒప్పుకోవద్దు. ఆ వేడికి అది నిలవదు. సైలెన్సర్‌కని విడిగా అమ్మే పేస్టు, బ్యాండేజీ పట్టీ ఊరి మధ్యలో ఆగిపోయినప్పుడు ఇంటికి చేరడానికి పనికొస్తాయి, అంతవరకే.

ఖర్చు కారును బట్టి మారుతుంది. రబ్బర్లు, గ్యాస్కెట్, క్లాంపు లాంటివి వందల్లో తేలుతాయి. మఫ్లర్ వేలల్లో ఉంటుంది. కన్వర్టర్ అయితే పదివేలతో మొదలై ఎక్కడిదాకానైనా వెళ్తుంది. అందుకే మొదట చిన్న భాగాలు చూసి, ఆ తర్వాతే పెద్దవాటి దాకా వెళ్లమనాలి. గ్యాస్కెట్ ఎప్పుడూ కొత్తదే వేయించండి, విప్పిన పాతదాన్ని తిరిగి బిగిస్తే నెలలో మళ్లీ వస్తారు. 2025 సెప్టెంబర్ 22 నుంచి వాహన విడిభాగాలపై జీఎస్టీ 18 శాతం. బిల్లులో ఇంకా 28 శాతం కనిపిస్తే అడగండి.

కన్వర్టర్ మార్చాలని చెబితే మాత్రం ఒక షరతు పెట్టండి: పాతది నాకు ఇచ్చేయాలి. అందులో ప్లాటినం, పలాడియం, రోడియం పూత ఉంటుంది. పాడైపోయినదానికీ తుక్కు బజారులో మంచి ధర ఉంది. బాగున్న కన్వర్టర్‌ను పాడైందని చెప్పి తీసుకునే మోసమూ, డబ్బా అలాగే ఉంచి లోపలి గూడు మాత్రం తీసేసే మోసమూ ఈ ధర వల్లే. పాతది తీసుకోవడం మీ హక్కు. లేదంటే దాని విలువ బిల్లులో తగ్గించమనండి.

రాత్రికి రాత్రే మోత మొదలైతే?

సాయంత్రం బాగానే ఉన్న కారు ఉదయం స్టార్ట్ చేయగానే చెవులు చిల్లులు పడేలా అరిస్తే, కిందికి వంగి చూడండి. కన్వర్టర్ మొత్తం మాయమై ఉండొచ్చు. గుజరాత్, మహారాష్ట్రల్లో మారుతి ఈకో వ్యాన్ల సైలెన్సర్లు వరుసగా దొంగతనానికి గురైంది ఈ లోహాల కోసమే. ఎత్తుగా ఉండి, కిందికి సులువుగా దూరగలిగే బండ్లు వీధిలో ఆపితే జాగ్రత్త అవసరం. గోడకు ఆనించి, వెలుతురున్న చోట, కెమెరా కిందికి వచ్చేలా పెట్టండి.

పోయినట్టు తెలిస్తే కారును కదల్చకుండా ఫొటోలు తీసి, పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చి ఎఫ్‌ఐఆర్ నకలు తీసుకోండి. అదే రోజు బీమా కంపెనీకి చెప్పండి. థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే ఏమీ రాదు, సమగ్ర పాలసీ ఉండాలి.

తుప్పు పట్టిన సైలెన్సర్‌కు ఏ పాలసీలోనూ క్లెయిమ్ రాదు, అరుగుదల కిందికి వస్తుంది కాబట్టి. రాయి తగిలి పైపు పగిలితే అడగొచ్చు. కానీ చిన్న మొత్తానికి క్లెయిమ్ చేస్తే నో క్లెయిమ్ బోనస్ పోతుంది. అది 20 నుంచి 50 శాతం దాకా ఉంటుంది. లెక్క వేసుకున్నాకే ఫారం నింపండి. పొల్యూషన్ సర్టిఫికెట్ లేదని క్లెయిమ్ కొట్టేస్తారన్న వాట్సాప్ సందేశం ఏటా తిరుగుతుంది. సర్టిఫికెట్ లేకపోవడం క్లెయిమ్ తిరస్కరణకు కారణం కాదని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2020లోనే స్పష్టం చేసింది.

షాపువాళ్లు పని సరిగా చేయకపోతే, పాత భాగం ఇవ్వకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు, తెలుగులోనూ మాట్లాడొచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. చెల్లించిన మొత్తం రూ.5 లక్షల లోపైతే ఫిర్యాదు రుసుము లేదు. వీటన్నిటికీ బిల్లు కావాలి. బిల్లు లేకుండా అయితే వెయ్యి తగ్గిస్తానన్న మాట దగ్గరే సగం కేసు ఓడిపోతారు.

బాగయ్యేదాకా కారు తీయొచ్చా?

వెనక డబ్బా చిల్లు అయితే, లోపల ఎలాంటి వాసనా లేకపోతే, అన్ని అద్దాలూ దించి మెకానిక్ దాకా తీసుకెళ్లొచ్చు. లోపల పొగ వాసన వస్తున్నా, బానెట్ వైపు నుంచి లీకేజీ అనుమానం ఉన్నా నడపకండి, టోయింగ్ బండి పిలవండి. చాలా బీమా పాలసీల్లో రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ఉంటుంది, ఎవరూ వాడుకోరు. ఏసీని బయటి గాలి తీసుకునే మోడ్‌లో పెడితే సరిపోతుందని కొందరంటారు. ఆ గాలి వచ్చేది బానెట్ వెనక నుంచి, లీకు అక్కడే ఉంటే దాన్నే పీలుస్తారు. లోపలి గాలినే తిప్పే మోడ్‌లో పెడితే చేరిన వాయువు పోదు. అద్దాలు దించడం తప్ప దారి లేదు. ఫ్రిజ్జో, మంచమో ఎక్కించి డిక్కీ తలుపు తెరిచి నడిపే అలవాటు ఉంటే, సైలెన్సర్ బాగున్న కారులో కూడా వెనక పొగ లోపలికి లాగబడుతుందని గుర్తుంచుకోండి.

ఏసీ వేసుకుని ఆగి ఉన్న కారులో నిద్రపోవడం, పిల్లల్ని పడుకోబెట్టి 'ఐదు నిమిషాల్లో వస్తా' అని దిగిపోవడం సైలెన్సర్ ఎలా ఉన్నా చేయకూడనివి. మోత ఉన్న కారులో అసలే వద్దు.

మోత మీ కారుది కాకపోతే?

అర్ధరాత్రి వీధిలో కావాలని గర్జించే కారు గురించి 100కు గానీ 112కు గానీ చెప్పొచ్చు. ట్రాఫిక్ పోలీసుల సోషల్ మీడియా ఖాతాలకు వీడియో పంపినా చలాన్లు వేస్తున్నారు. శబ్ద కాలుష్య నిబంధనలు, 2000 ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు 45 డెసిబెల్స్ పరిమితి. అంతకంటే 10 డెసిబెల్స్ మించితే ఎవరైనా ఫిర్యాదు చేయొచ్చు. కొలిచి చూపించాల్సిన పని మీది కాదు. మీ అపార్ట్‌మెంట్‌లోనే ఉన్న పక్కింటాయన కారైతే ముందు ఆయనకే చెప్పి చూడండి, లోపల కూర్చున్నవాళ్లకు ఆ మోత బయటివాళ్లకు వినిపించినంతగా వినిపించదు. పోలీసులకు వీడియో పంపేటప్పుడు నంబర్ ప్లేటు, వీధి పేరు, సమయం తెలిసేలా ఉండాలి. ఇంటి ముందు నిలబడి తీసింది చాలు, బండిని వెంబడిస్తూ తీయొద్దు.